బ్యాటిల్ సిటీ క్లాసిక్కేనా? బరంపురం, పర్లాకిమిడి వీధులకు బాగా తెలిసిన ఆట జాబితాల్లో ఎందుకు లేదు

క్లుప్తంగా: 'ట్యాంక్ గేమ్' అని మనవాళ్ళు పిలిచే బ్యాటిల్ సిటీని 1985లో జపాన్‌కు చెందిన నామ్కో కంపెనీ తయారు చేసింది. దాని అసలు క్యాసెట్ అమెరికా మార్కెట్‌కు వెళ్ళలేదు. అందుకే ఇంగ్లిష్‌లో రాసే గొప్ప ఆటల జాబితాల్లో దానికి చోటు తక్కువ. ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువాళ్ళ ఇళ్ళలో, వీడియో గేమ్ షాపుల్లో మాత్రం అది మారియోతో సమానంగా ఆడిన ఆట. ఆట నిర్మాణాన్ని చూస్తే క్లాసిక్ అనడానికి గట్టి ఆధారమే ఉంది. తర్వాతి ఆటల మీద ప్రభావం అనే ఒక్క విషయంలో వాదన కొంచెం బలహీనపడుతుంది.

1985 సెప్టెంబర్ 9న ఫామికామ్ అనే వీడియో గేమ్ యంత్రం కోసం నామ్కో బ్యాటిల్ సిటీని జపాన్‌లో విడుదల చేసింది. నాలుగు రోజుల తర్వాత, 13వ తేదీన, అదే యంత్రానికి నింటెండో వారి సూపర్ మారియో బ్రదర్స్ వచ్చింది. 2025తో రెండిటికీ 40 ఏళ్ళు నిండాయి. మారియో పండగను నింటెండో ఘనంగా జరిపింది. ట్యాంకుల ఊసు మాత్రం పెద్దగా వినిపించలేదు.

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో 1990లలో పెరిగినవాళ్ళకు ఈ తేడా వింతగానే ఉంటుంది. అక్కడ దొరికిన క్యాసెట్ల మెనూలో ఈ రెండు ఆటలూ పక్కపక్కనే ఉండేవి. ఒకటి ప్రపంచ వారసత్వం, రెండోది కాలక్షేపం అన్న విభజన ఆడేవాళ్ళు చేసింది కాదు. తర్వాత ఎక్కడో జరిగింది. ఎక్కడ, ఎలా జరిగిందో తెలిస్తే ఈ ఆటకు క్లాసిక్ హోదా దక్కాలా అన్న ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

పేరు దగ్గరే తికమక

ఈ ఆట ఆడినవాళ్ళలో చాలామందికి దాని అసలు పేరు తెలియదు. మెనూలో ఒకచోట 'ట్యాంక్' అనీ, ఇంకోచోట 'ట్యాంక్ 1990' అనీ ఉండేది. దాంతో ఇది 1990లో వచ్చిన ఆట అని అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి ట్యాంక్ 1990 విడిగా పుట్టిన ఆట కాదు. బ్యాటిల్ సిటీ కోడ్‌నే అనుమతి లేకుండా మార్చి, కొత్త మ్యాపులు, కొత్త శక్తులు చేర్చిన రూపం.

బ్యాటిల్ సిటీకి కూడా ఒక పూర్వరూపం ఉంది. నామ్కో 1980లో టాంక్ బెటాలియన్ అనే ఆర్కేడ్ (నాణెం వేసి ఆడే పెద్ద యంత్రం) ఆట తెచ్చింది. ఇటుక గోడలు, అడుగున కాపాడుకోవాల్సిన స్థావరం అందులోవే. ఐదేళ్ళ తర్వాత ఆ బీజానికి నీళ్ళు, చెట్లు, మంచు, ఉక్కు గోడలు, ఇద్దరు కలిసి ఆడే వీలు, సొంతంగా మ్యాపు గీసుకునే వీలు చేర్చి బ్యాటిల్ సిటీ చేశారు. 1991లో ట్యాంక్ ఫోర్స్ పేరుతో ఇంకో ఆర్కేడ్ ఆట వచ్చింది కానీ జనం గుర్తుపెట్టుకున్నది మధ్యదాన్నే.

చేసినవాళ్ళ పేర్లు తెర మీద ఎక్కడా కనిపించవు. ఆ రోజుల్లో జపాన్ కంపెనీల ఆటల్లో అది మామూలు సంగతి. కానీ ఆట కోడ్ లోపల ర్యోయిచి ఒకుబొ, తకెఫుమి హ్యోదొ, జుంకో ఒజావా అనే మూడు పేర్లు దాగి ఉన్నాయి. ఆడేవాళ్ళకు ఆట పేరు తెలియదు, ఆటలో చేసినవాళ్ళ పేరు లేదు. హోదా కోసం మాట్లాడే మనిషి లేకపోవడానికి ఇది ఒక కారణం.

సరిహద్దు దాకా ఎలా వచ్చింది

నింటెండో ఒకే యంత్రాన్ని రెండు రూపాల్లో అమ్మింది. జపాన్‌లో ఫామికామ్, అమెరికాలో ఎన్ఈఎస్. ఫామికామ్ క్యాసెట్‌కు 60 పిన్నులు, ఎన్ఈఎస్ క్యాసెట్‌కు 72. అమెరికా యంత్రంలో అనుమతి లేని క్యాసెట్లను ఆపే తాళం లాంటి చిప్ ఒకటి పెట్టారు. జపాన్ యంత్రంలో ఆ తాళం లేదు. అందుకని తూర్పు ఆసియాలో నకలు యంత్రాలు తయారు చేసినవాళ్ళు ఎక్కువగా ఫామికామ్‌నే అనుసరించారు. అవే భారతదేశానికి మీడియా, లిటిల్ మాస్టర్, టెర్మినేటర్ లాంటి పేర్లతో వచ్చాయి. రష్యాలో 1992 నుంచి డెండీ పేరుతో, చైనాలో సుబోర్ పేరుతో అమ్మినవీ ఈ కుటుంబానివే. వాటితో పాటు జపాన్ ఆటలూ నేరుగా వచ్చేశాయి. కాబట్టి అమెరికా పిల్లలు చూడని బ్యాటిల్ సిటీని బరంపురం పిల్లలు చూశారు. అమెరికా పిల్లలు బాగా ఎరిగిన ఎన్నో ఆటలు ఇక్కడికి రానేలేదు.

అన్ని జపాన్ ఆటల్లో ఇదే ప్రతి క్యాసెట్‌లోనూ ఎందుకు ఉండేది? జవాబు సైజులో ఉంది. బ్యాటిల్ సిటీ మొత్తం 24 కిలోబైట్లు. 16 ప్రోగ్రాముకు, 8 బొమ్మలకు. ఇప్పుడు వాట్సాప్‌లో పంపే ఒక మామూలు ఫొటో కూడా దానికంటే పెద్దది. సూపర్ మారియో మొదటి భాగం 40 కిలోబైట్లు. మూడో భాగానికి వచ్చేసరికి 384 అయింది, పైగా క్యాసెట్‌లో ప్రత్యేకమైన చిప్ కావాలి. చిన్న ఆటలకు అలాంటి చిప్ అక్కర్లేదు. ఒకే క్యాసెట్‌లో పదుల ఆటలు సర్దాలనుకున్న నకలు తయారీదారుకు 1980ల మధ్య నాటి చిన్న ఆటలే చౌక. రోడ్ ఫైటర్, సర్కస్ చార్లీ, గెలాక్సియన్, ట్యాంక్ మన జ్ఞాపకాల్లో ఒక గుంపుగా మిగిలిపోవడం వెనక ఉన్నది ఈ లెక్కే. క్యాసెట్ మీద '9999999 ఇన్ 1' అని అచ్చేసి, అవే కొన్ని ఆటలను వేర్వేరు స్టేజీల నుంచి మొదలయ్యేలా మళ్ళీమళ్ళీ చూపించడం కూడా ఆ వ్యాపారంలో భాగమే.

ఈ లెక్క ఆటకు మేలూ చేసింది, కీడూ చేసింది. కోట్ల ఇళ్ళకు చేరింది. కానీ ఆ చేరికకు ఒక్క రసీదు లేదు. నామ్కో ఖాతాల్లో బరంపురం లేదు, పర్లాకిమిడి లేదు. సూపర్ మారియో బ్రదర్స్ 4 కోట్లకు పైగా అమ్ముడుపోయిందని గట్టిగా చెప్పవచ్చు. బ్యాటిల్ సిటీని ఎంతమంది ఆడారో ఏ అమ్మకాల పట్టికా చెప్పదు.

ఒక గంట అద్దె, ఇద్దరు పిల్లలు

ఇంట్లో యంత్రం లేని పిల్లలకు గంట లెక్కన డబ్బులు తీసుకునే వీడియో గేమ్ షాపు ఉండేది. ఇద్దరు కలిసి డబ్బులు వేసుకుని ఒక గంట తీసుకుంటారు. మారియో పెడితే ఒకరు చచ్చేదాకా రెండోవారు చూస్తూ కూర్చోవాలి. బాగా ఆడేవాడి చేతికి రిమోట్ వెళ్ళిందంటే పక్కవాడి డబ్బు దండగే. ట్యాంక్ పెడితే ఇద్దరూ ఒకేసారి ఆడతారు. గంటకు కట్టిన డబ్బు ఇద్దరికీ పూర్తిగా దక్కుతుంది. ఇద్దరూ ఒకేసారి ఆడే ఆటలు ఇంకా ఉన్నాయి, ఐస్ క్లైంబర్ అలాంటిదే. కానీ ఇద్దరి పనినీ ఒకే లక్ష్యానికి కట్టిన ఆటల్లో ఇంత తేలికైనది ఆ మెనూల్లో అరుదు.

సరిహద్దు ఊళ్ళకు ప్రత్యేకమైన కారణం ఇంకోటి ఉంది, అది భాష. బరంపురంలోనో గుణుపురంలోనో తెలుగింటి పిల్లవాడికి ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, టీవీలో హిందీ. షాపులో పక్కన కూర్చునేది ఒడియా స్నేహితుడు. అదే యంత్రానికి జపాన్‌లో వచ్చిన కథల ఆటలు అక్షరాల మీద నడుస్తాయి. ఆ లిపి రానివాళ్ళకు అవి మూసిన తలుపులే. బ్యాటిల్ సిటీలో చదవాల్సింది దాదాపు ఏమీ లేదు. స్టేజీ నంబరు, మిగిలిన లైఫులు, ఇంకా రావాల్సిన ట్యాంకులను చూపే చిన్న బొమ్మల వరస, అంతే. పార బొమ్మ కనిపిస్తే గోడ గట్టిపడుతుంది, గడియారం కనిపిస్తే శత్రువులు ఆగిపోతారు. ఒకసారి చూస్తే చాలు, ఏ భాషలోనూ చెప్పనక్కర్లేదు.

కరెంటు కోతల సంగతీ చెప్పుకోవాలి. ఈ ఆటలో సేవ్ చేసే ఏర్పాటు లేదు. అయితే మొదట్లోనే బటన్ నొక్కుతూ కావలసిన స్టేజీ ఎంచుకోవచ్చు. పన్నెండో స్టేజీలో కరెంటు పోయినా, వచ్చాక మళ్ళీ పన్నెండు నుంచే మొదలుపెట్టవచ్చు. గంటకు డబ్బు కట్టినవాళ్ళకు ఇది చిన్న సౌకర్యం కాదు.

ఒక్క గుండు లెక్క

ఇవన్నీ ఆట ఎందుకు వ్యాపించిందో చెబుతాయి. వ్యాపించినదంతా గొప్పది కాదు. క్లాసిక్ అనాలంటే ఆట లోపల బలం ఉండాలి. ఈ వ్యాసం ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే.

మైదానం అడ్డంగా 13, నిలువుగా 13 గళ్ళు. అడుగున మధ్యలో కాపాడుకోవాల్సిన గద్ద బొమ్మ, చుట్టూ ఇటుక గోడ. పై అంచున ఎడమ, మధ్య, కుడి చోట్ల నుంచి శత్రు ట్యాంకులు దిగుతాయి. ఒక్కో స్టేజీకి 20. ఒక్కరే ఆడితే ఒకేసారి నాలుగు, ఇద్దరు ఆడితే ఆరు తెర మీద ఉంటాయి. లైఫులన్నీ పోయినా ఆట అయిపోతుంది, గద్దకు ఒక్క గుండు తగిలినా అయిపోతుంది.

దీని అసలు తెలివి గుండు దగ్గర ఉంది. మొదట్లో ట్యాంకు ఒకసారికి ఒక్క గుండే వేయగలదు. అది దేనికైనా తగిలి మాయమయ్యేదాకా రెండోది రాదు. అంటే దూరం నుంచి కాల్చి గురి తప్పితే, గుండు అంచుదాకా వెళ్ళేవరకూ ట్యాంకు చేతులు కట్టేసినట్టే. దగ్గరికి వెళ్ళి కాలిస్తే టకటకా కాల్చవచ్చు, కానీ ఎదుటి గుండు తప్పించుకునే సమయం ఉండదు. ధైర్యానికి వేగం బహుమతి, జాగ్రత్తకు ఆలస్యం ఖరీదు. ఆ బేరాన్ని ఎక్కడా రాసిపెట్టలేదు, ఎవరూ వివరించరు. ఒక్క నియమం నుంచి దానంతట అదే పుడుతుంది. గుండుకు గుండు ఎదురైతే రెండూ మాయమవుతాయి కాబట్టి, తెలిసిన ఆటగాడికి ఆ ఒక్క గుండే డాలుగానూ పనికొస్తుంది.

గోడ సంగతి ఇంకా అందంగా ఉంటుంది. ఇటుక గడి ఒక్క దెబ్బకు కూలదు, పొరలు పొరలుగా తరుగుతుంది. ఆటగాడు తన దారి తానే తవ్వుకోవచ్చు, శత్రువుకూ దారి తెరిచిపెట్టవచ్చు. గద్ద చుట్టూ ఉన్న గోడను సొంత గుండే కొట్టేయగలదు. గద్దను కూడా! కంగారులో కిందికి తిరిగి ఒక్కటి వేస్తే ఆట ముగుస్తుంది. కాపాడాల్సినదాన్ని తన చేతులతోనే పోగొట్టుకునే ఈ అవకాశం వల్ల గద్ద పక్కన ప్రతి మలుపూ టెన్షనే. కాలం గడిచేకొద్దీ శత్రు ట్యాంకులు గద్ద వైపు మొగ్గుతాయి. అందుకే ఒక మూల దాక్కుని కాలం గడపడం కుదరదు.

శత్రువులు నాలుగు రకాలు. మామూలుది, వేగంగా పరిగెత్తేది, వేగంగా కాల్చేది, నాలుగు దెబ్బలు తింటేగానీ కూలని లావుపాటిది. వాటి విలువ వరసగా 100, 200, 300, 400 పాయింట్లు. ప్రతి స్టేజీలో 4, 11, 18వ ట్యాంకులు మెరుస్తూ వస్తాయి. వాటిని కొడితే బహుమతి బొమ్మ పడుతుంది. అన్నిట్లోకీ విలువైనది నక్షత్రం. మొదటిది గుండు వేగం పెంచుతుంది, రెండోది ఒకేసారి రెండు గుండ్లు ఇస్తుంది, మూడోది ఉక్కు గోడనూ పగలగొట్టనిస్తుంది. ఈ బలం స్టేజీ మారినా నిలుస్తుంది, లైఫ్ పోతే మొత్తం పోతుంది. కాబట్టి మూడు నక్షత్రాల ట్యాంకు నడిపేవాడు బహుమతి కోసం తెర అవతలి మూలకు పరిగెత్తాలా, గద్ద దగ్గర నిలబడాలా అన్న నిర్ణయం స్టేజీకి మూడుసార్ల దాకా తీసుకోవాలి. సంపాదించింది ఎక్కువైనకొద్దీ పోగొట్టుకునే భయం పెరుగుతుంది.

ఇద్దరు ఆడినప్పుడు దీనికి ఇంకో పొర తోడవుతుంది. ఒకరి గుండు రెండోవారికి తగిలితే చావరు కానీ కాసేపు కదలలేరు. ఇద్దరి గద్ద ఒక్కటే. స్టేజీ అయ్యాక ఎవరు ఎన్ని కొట్టారో లెక్క తెర మీద పడుతుంది, ఎక్కువ కొట్టినవారికి 1000 పాయింట్లు అదనం. సాయం, పోటీ రెండూ ఒకే నియమాల్లో ఇమిడిపోయాయి. ఎడమవైపు నువ్వు చూసుకో, కుడివైపు నేను చూసుకుంటా అన్న ఒప్పందం ఎవరూ నేర్పకుండానే ప్రతి జంటా చేసుకునేది. నక్షత్రం ఎవరు తీసుకోవాలన్న దగ్గర ఆ ఒప్పందానికి పరీక్ష వచ్చేది.

ఆట సాగుతున్నంతసేపు పాట ఉండదు. మొదట్లో వినిపించే చిన్న బాణీ తర్వాత ఇంజిన్ మోతే. ఆగినప్పుడు ఒక రకం, కదిలినప్పుడు ఒక రకం. మిగతా ఆటల పాటలు గుర్తున్నవాళ్ళకు ఈ ఆట నుంచి గుర్తుండేది ఆ మోత.

లోపాలు

35 స్టేజీల తర్వాత ఆటకు ముగింపు లేదు, మళ్ళీ మొదటి నుంచి తిరుగుతుంది. శత్రువుల కదలికలో అదృష్టం పాలు ఎక్కువ. ఎంత బాగా ఆడినా ఒక్కోసారి ఎక్కడి నుంచో వచ్చిన గుండు గద్దను కొట్టేస్తుంది. కష్టం మెట్టుమెట్టుగా పెరగదు, మ్యాపును బట్టి ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఒక్కరే ఆడితే పదిహేను స్టేజీలకు విసుగు రావడం సహజం. మారియోలో ఒక్కో లోకానికీ ఒక కొత్త ఆలోచన ఎదురవుతుంది. ఇక్కడ అవే ముక్కలు వేరే వరసలో వస్తాయి. ఈ విమర్శలు న్యాయమైనవే. అయితే ఇలాంటి పునరావృత్తి ప్యాక్‌మ్యాన్‌లోనూ ఉంది, టెట్రిస్‌లోనూ ఉంది. వాటి హోదాకు అది అడ్డు రాలేదు.

హాల్ ఆఫ్ ఫేమ్ నాలుగు ప్రశ్నలు

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో 'ద స్ట్రాంగ్' అనే ఆటల మ్యూజియం ఉంది. అది 2015 నుంచి వరల్డ్ వీడియో గేమ్ హాల్ ఆఫ్ ఫేమ్ నడుపుతోంది. మొదటి ఏడాది పాంగ్, ప్యాక్‌మ్యాన్, టెట్రిస్, సూపర్ మారియో బ్రదర్స్, డూమ్, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ చేరాయి. అక్కడ నాలుగు విషయాలు చూస్తారు: గుర్తింపు, దీర్ఘకాలం నిలవడం, ప్రాంతాల ఎల్లలు దాటడం, ప్రభావం.

ఎల్లలు దాటడంలో బ్యాటిల్ సిటీకి అనుమానమే లేదు. రష్యా, చైనా, భారత్ లాంటి విశాల దేశాల్లో ప్రచారం లేకుండా, ప్రకటన లేకుండా చేరిన ఆట ఇది. నిలవడంలోనూ అంతే. జాతరల్లో అమ్మిన చేతి బ్రిక్ గేమ్‌లో ట్యాంకుల ఆట ఉండేది. తర్వాత కంప్యూటర్లకు, ఫోన్లకు లెక్కలేనన్ని అనుకరణలు వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. గుర్తింపు మాత్రం రెండుగా చీలింది. బొమ్మ చూపిస్తే వెంటనే గుర్తుపడతారు, పేరు చెబితే గుర్తుపట్టరు.

ప్రభావం దగ్గర వాదన బలహీనం. మారియో తర్వాత పక్కకు జరిగే గెంతుడు ఆటలు ఒక జాతిగా మారాయి. బ్యాటిల్ సిటీ తర్వాత వచ్చినవి ఎక్కువగా దాని నకళ్ళే, వారసులు తక్కువ. ఆటగాడే మ్యాపు గీసే ఏర్పాటు కూడా దీనితో మొదలవలేదు. 1984లోనే నింటెండో బైకుల ఆట ఎక్సైట్‌బైక్‌లో అలాంటిది ఉంది. నాలుగు ప్రశ్నల్లో రెండిటికి గట్టి అవును, ఒకటికి సగం అవును, ఒకటికి సందేహం. ఈ పాటి బలంతో ఆటకు చోటు ఇవ్వడం అన్యాయం కాదు. అమెరికా షాపుల్లో అమ్మి ఉంటే ఈ చర్చ ఎప్పుడో ముగిసేది.

పర్లాకిమిడిలో పుట్టిన వాదన

నాణ్యతను ఎవరు తేల్చాలన్న ప్రశ్న పర్లాకిమిడికి కొత్త కాదు. గిడుగు రామమూర్తి అక్కడే బడిపంతులుగా ఏళ్ళ తరబడి పనిచేస్తూ, పుస్తకాల్లో మాత్రమే బతికే గ్రాంథికానికి ఎదురుగా వాడుక భాషను నిలబెట్టారు. జనం నోట ఉన్నదానికి వ్యాకరణం ఉంది, క్రమం ఉంది, అది చెడిపోయిన భాష కాదు అన్నది ఆయన వాదన సారం. అప్పట్లో లిపి లేని సవర భాషకు నిఘంటువు, వ్యాకరణం కూర్చడమూ ఆ దారిలోనిదే.

ఆటకు భాషకు పోలిక పూర్తిగా కుదరదు. కానీ పద్ధతి పనికొస్తుంది. జాబితాలో ఉందా లేదా అని చూడకుండా, వాడుకలో ఏముందో ముందు చూడాలి, తర్వాత అందులో క్రమం ఉందో లేదో పరీక్షించాలి. బ్యాటిల్ సిటీని అలా పరీక్షిస్తే క్రమం కనిపిస్తుంది. ఒక్క గుండు నియమం నుంచి ఎంత ఆట పుట్టిందో పైన చూశాం. చిన్నప్పుడు ఆడాం కాబట్టి గొప్పది అనే మమకారం వేరు. ఆ మమకారం రోడ్ ఫైటర్ మీదా ఉంది. కానీ రోడ్ ఫైటర్ ఇప్పుడు పెడితే పది నిమిషాలకు చేతిలోని రిమోట్ కింద పెట్టేస్తారు. ట్యాంక్ పెడితే, పక్కన రెండో మనిషి ఉంటే, ఇంకో స్టేజీ అంటారు. ఆ తేడాయే క్లాసిక్ వాదనకు ఆధారం.

ఏ రూపాన్ని దాచాలి

హోదా వస్తే ఏం మారుతుంది? దాచిపెట్టే పని మొదలవుతుంది. అప్పుడు వచ్చే చిక్కు ఏ రూపాన్ని దాచాలి అన్నది. జపాన్‌లో అమ్మిన నామ్కో క్యాసెట్ ఇప్పటికీ దొరుకుతుంది, దాని కోడ్ భద్రంగానే ఉంది. బరంపురంలో ఆడింది ఆ క్యాసెట్ కాదు. మెనూ తప్పుల తడకలు, మార్చిన మ్యాపులు, ట్యాంక్ 1990 శక్తులు ఉన్న నకలు అది. ఆ క్యాసెట్లు చౌక ప్లాస్టిక్‌వి, పిన్నులు తుప్పు పడతాయి, ఊదితే వచ్చిన తేమ వాటిని ఇంకా త్వరగా పాడుచేసింది. చాలావరకు పాత సామాన్లవాడికి వెళ్ళిపోయాయి. చట్టం దృష్టిలో అవి దొంగ సరుకు కాబట్టి మ్యూజియంలు వాటిని సేకరించడానికి వెనకాడవచ్చు. కానీ ఈ ప్రాంతంలో ఆట చరిత్ర ఉన్నది వాటిలోనే. అసలు క్యాసెట్‌తో పాటు నకలునూ నమోదు చేయకపోతే ఆ చరిత్రకు సాక్ష్యం మిగలదు.

ఆట మొదటి తెర మీద మూడో వరసలో కన్‌స్ట్రక్షన్ అనే ఏర్పాటు ఉండేది. ఖాళీ మైదానం మీద పిల్లలు తమకు నచ్చినట్టు ఇటుకలు, ఉక్కు, నీళ్ళు, చెట్లు పేర్చుకునేవారు. గద్ద చుట్టూ మొత్తం ఉక్కు పెట్టినవాళ్ళున్నారు, గోడలతో తమ పేరులోని అక్షరం గీసినవాళ్ళున్నారు, కొందరు తెలుగులో, కొందరు ఒడియాలో. ఆ మ్యాపులు దాచుకునే చోటు క్యాసెట్‌లో లేదు. స్విచ్ ఆపగానే, లేదా కరెంటు పోగానే, మైదానం మళ్ళీ ఖాళీ అయ్యేది.